పరుగెత్తే గొంతు

మా తమ్ముడు నాకు టచ్ ఫోను కొనిచ్చిన వారంలోనే అది చెడిపోయిందని వాడే తేల్చేశాడు. వేలు పెట్టి నొక్కితే తెరుచుకోలేదు. గట్టిగా నొక్కితే ఆ బొమ్మ పేరేదో పలికి ఊరుకుంది. జరిపితే జరగలేదు. పైగా వేలు పెట్టిన చోటల్లా ఓ మాట. “అప్పా, ఇది పూరా ఖరాబైపోనాది,” అన్నాడు. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. భిలాయిలో పుట్టి, తెలుగు కంటే హిందీయే ఎక్కువ మాట్లాడే మావాడు ఆ పిలుపొక్కటీ వదల్లేదు.

“చూపు లేనోళ్ల ఫోను అలాగే ఉంటాదిరా. ఒకసారి తాకితే అదేటో చెప్తాది, రెండుసార్లు టకటకా కొడితే తెరుస్తాది,” అని నేను చెప్తూనే ఉన్నాను. నా మాట వింటే వాడు తమ్ముడెందుకవుతాడు? జేబులో వేసుకుని మార్కెట్లో రిపేరు దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణం భయ్యా నిమిషంలో బాగుచేసేశాడట. అంటే ఆ మాట్లాడే గొంతు తీసేశాడు. మా తమ్ముడు పొంగిపోతూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నున్నటి గాజు పలక. ఎంత నిమిరినా ఉలకదు, పలకదు. “చూడు, ఎంత బాగా పని చేస్తందో!” అన్నాడు.

పక్కనున్న బటన్లు రెండూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగొచ్చింది. మా తమ్ముడు నీరుగారిపోయాడు. “అయ్యో, మళ్లీ ఖరాబు చేసేసినావా?” అన్నాడు.

నా సంగతి చెప్పలేదు కదూ. నాకు బళ్లో చదివే రోజుల్లోనే చూపు మెల్లమెల్లగా పోయింది. నాన్న స్టీలు ప్లాంటులో కొలువు కోసం ఈ భిలాయి వచ్చినవాడు. ఆయనా అమ్మా పోయాక క్యాంప్ 2 అనే బస్తీలో ఆ ఇరుకింట్లో మిగిలింది నేనూ, తమ్ముడూ, మరదలూ. తమ్ముడికి టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకీ ప్రార్థన కూటాలకీ షామియానాలూ, కుర్చీలూ, పెద్ద పెద్ద గిన్నెలూ అద్దెకిస్తాడు. ఆ బుకింగులన్నీ నేనే చూస్తాను. చూస్తాను అన్నప్పుడల్లా కొత్తవాళ్లు ఇబ్బందిగా దగ్గుతారు, పాపం. ఏ రోజు ఎవరింటికి ఏం పోవాలో కొంత ఫోన్లో ఉంటుంది, మిగతాది నా బుర్రలో ఉంటుంది.

తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. నేను చంకనేసుకుని తిప్పినవాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాకు తండ్రయిపోయాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు. మనసు మంచిదే. ఆ మంచితనంతోనే నా ప్రాణం తోడేస్తాడు.

ఆ తర్వాత నేను చేసిన పని వాడి మనశ్శాంతిని పూర్తిగా పోగొట్టింది. ఫోను తెర ఎప్పుడూ నల్లగా ఉండేలా పెట్టుకున్నాను. నాకెలాగూ దాని వెలుతురుతో పని లేదు. బ్యాటరీ మిగులుతుంది, పక్కనున్నవాళ్లు తొంగిచూడలేరు. లోపల అన్నీ నడుస్తూనే ఉంటాయి, పైకి మాత్రం చచ్చిన ఫోను. చర్చిలో ఆరాధన మొదలవకముందు నేను బల్ల మీద కూర్చుని వేళ్లు ఆడిస్తుంటే వెనకనుంచి గుసగుసలు వినబడేవి, ఆగిపోయిన ఫోను పట్టుకుని ఆడుకుంటోంది ప్రభువా అని. ఒకావిడైతే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసింది. ఆ సమయంలో నేను రెండు వందల కుర్చీల బుకింగు ఖాయం చేస్తున్నాను. ఆవిడ ఆమెన్ అనేవరకూ ఆగి, అప్పుడు పంపించాను. మా తమ్ముడు మాత్రం నా ఫోను కనబడినప్పుడల్లా తీసుకుపోయి ఛార్జింగు పెట్టేవాడు. మా ఇంట్లో దానంత కడుపునిండా తిన్నవాళ్లు ఎవరూ లేరు.

ఇక ఆ గొంతు. కొత్తలో అది నింపాదిగా చదివేది, ఆదివారం బడిలో చిన్నపిల్ల వాక్యం అప్పజెప్పినట్టు. రోజంతా దాంతోనే పని చేసుకునేవాళ్లకి ఆ నింపాదితనం నరకం. కొంచెం కొంచెంగా స్పీడు పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు ఎంత పెద్ద మెసేజి అయినా మీరు తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు అయిపోతుంది. నాకు ప్రతి అక్షరమూ తెలుస్తుంది. పక్కవాళ్లకి మాత్రం వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమని వినబడుతుందట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదా అని సలహాలిస్తారు. చెవులు మూసుకుంటే నాకు ఇల్లు ఎలా తెలుస్తుంది? కుక్కరు కూతేసిందా, పాలు పొంగుతున్నాయా, గుమ్మం దాటిందెవరు, అన్నీ చెవులతోనే కదా. అంచేత నా ఫోను నడిగదిలో, అందరి మధ్యా, గట్టిగానే మాట్లాడుతుంది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. బీరువాకి కూడా అంత గట్టి తాళం ఉండదని నేను మురిసిపోతూ ఉండేదాన్ని.

ఆ తాళంతో పని కూడా పడింది.

చూపులేని తెలుగువాళ్లం కొందరం ఫోను కిటుకులు చెప్పుకునే వాట్సాప్ గ్రూపొకటి ఉంది. అందులో ఒకాయన విజయనగరంలో బ్యాంకు గుమాస్తా. నాలాగే చూపు లేదు, పెళ్లి కాలేదు. తెర నల్లగా పెట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. థాంక్సు చెప్తే విడిగా మెసేజి పెట్టాడు, “మీ గొంతు స్పీడెంత?” అని. మాలో ఆ ప్రశ్న ఆడదాని వయసు అడిగినంత చొరవ. చెప్పాను. “అబ్బో, నాకంటే ముందున్నారు. మీతో నడవడం కష్టమే,” అన్నాడు. నడవడానికి రమ్మని ఎవరు పిలిచారు అన్నాను. అలా మొదలైంది.

ఆయన రాసేవన్నీ మామూలు సంగతులే. బ్యాంకుకి వచ్చినవాళ్లు ఆయన ఎదురుగా నిలబడి, పక్కసీటు ఆయన్ని అడుగుతారట, “ఈయన టీ తాగుతారా?” అని. “నన్ను అడగరేంటి అంటే, వినబడుతుందా అని ఆశ్చర్యపోయారండీ,” అని రాశాడు. నేను పడీపడీ నవ్వాను. నాకూ రోజూ జరిగేదే, కానీ చెప్పుకుని నవ్వడానికి అంతవరకూ మనిషి లేడు. నేనూ రాసేదాన్ని. గాజు మీద వేలు జరుపుతూ పోతే ఒక్కో అక్షరం పేరు చెప్తుంది, కావలసింది వచ్చాక వేలు ఎత్తాలి. ఒక్క వాక్యానికి వంద సార్లు వేలెత్తాలి. ఆయన కోసం సాయంత్రాలన్నీ ఎత్తాను.

ఒకసారి ఆయన రాయకుండా, తన గొంతుతోనే రికార్డు చేసి పంపించాడు. నేను ఏ మెసేజో అనుకుని రెండుసార్లు కొట్టాను. పక్కన తమ్ముడు అన్నం తింటున్నాడు. “భోజనం చేశారా అండీ?” అని ఒక మగ గొంతు తాపీగా, స్పష్టంగా నడిగదంతా పలికింది. “ఎవులప్పా అది?” అన్నాడు తమ్ముడు. “కుర్చీల పార్టీ,” అన్నాను. కుర్చీల పార్టీవాళ్లు మనం తిన్నామో లేదో ఎందుకు అడుగుతారని వాడికి తట్టలేదు, దేవుడు మేలు చేశాడు. ఆ రోజు నుంచీ రాతలే. చేతిలో ఫోన్లుండి కూడా ఇద్దరం పాతకాలం వాళ్లలా రాసుకున్నాం. కాల్ చేసుకోవచ్చు కదా అంటారేమో, క్యాంప్ 2లో పగటిపూట తలుపు గడియ పెడితే ఒంట్లో బాగోలేదేమోనని పక్కింటివాళ్లు పళ్లు పట్టుకుని వచ్చేస్తారు.

మధ్యాహ్నాలు తమ్ముడు దుకాణంలో ఉంటాడు. మరదలు నడిగదిలో సీరియల్ పెట్టుకుని బియ్యం ఏరుతుంది. నేను ఆ పక్కనే కూర్చుని ఆయన రాసినవి చదివించుకునేదాన్ని. నా ఫోను నోరు విప్పినప్పుడల్లా మరదలు టీవీ గొంతు తగ్గించేది. నా పనికి అడ్డం రాకూడదని కాబోలు, ఎంత మర్యాద అనుకునేదాన్ని. నిజానికి దానికీ మర్యాదకీ పెద్ద స్నేహం లేదు. నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున మా ఇంట్లో పప్పు మాడితే మధ్యాహ్నానికి క్యాంప్ 1లో తెలుస్తుంది. ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. మామూలుగా నన్ను వదినా అంటుంది, కోపం వస్తే దీదీ అంటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో మొత్తం మొగుడికే దిక్కు లేదు, సగం మొగుణ్ని నన్నెవరు లెక్కచేస్తారు?

ఒకరోజు ఆయన జ్వరంగా ఉందని రాశాడు. ఆ సాయంత్రం మరదలు మిరియాల చారు పెట్టింది. “ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?” అన్నాను. “ఎక్కడెక్కడో ఉన్నోళ్లకి కూడా జొరాలే వదినా,” అంది. నేను రెండు గరిటెలు పోయించుకుని తాగాను. అప్పుడైనా నాకు తట్టలేదు.

వానలు వెనకబట్టాక ఆయన పెళ్లి చేసుకుందామా అని అడిగాడు. సూటిగా, ఒక్క ముక్కలో. నేను జవాబు రాయలేదు. ఇష్టం లేక కాదు, చచ్చేంత ఇష్టం. నలభై దాటాక ఇంత సిగ్గుమాలిన సంతోషం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కానీ తమ్ముడికి ఏమని చెప్పను? నా పెళ్లి గురించి వాడికొక పట్టుదల ఉంది, చేస్తే కళ్లున్నవాడికే చేయాలని. “ఇద్దరికీ కనబడకపోతే ఇంట్లో లైటు ఎవులు ఎలిగిస్తారప్పా?” అంటాడు. ఆ లైటు ఎవరి కోసమో మాత్రం ఆలోచించడు. వాడు కోప్పడితే నేను పది మాటలు అనగలను. ఏడిస్తే మాత్రం నా వల్ల కాదు, నేను పెంచినవాడు కదా. విజయనగరానికి అవునని రాయలేకా, కాదని రాయలేకా నాన్చుతూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే, మా పక్కనే ఉన్న జాముల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు, భార్య పోయింది, మన సంఘంవాళ్లే, రెండు కళ్లూ ఉన్నాయి. ఈ చివరిది మా తమ్ముడు పదిసార్లు చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పెళ్లిచూపులు. నాకు పెళ్లిచూపులు! చూసేది ఆయన, కూర్చునేది నేను, నా వంతు చూపులు చూసేది మా తమ్ముడు. జరిగింది జరిగినట్టు విజయనగరానికి రాశాను. జవాబు రాలేదు. శనివారం కూడా రాలేదు. బుకింగులు వస్తూనే ఉన్నాయి, ఫోను వాగుతూనే ఉంది, నాకు మాత్రం అది మూగదైపోయినట్టే ఉంది.

“ఏటి వదినా, ఇయ్యాల మీ ఫోను సరిగ్గా మాటాడ్డంనేదు?” అంది మరదలు నా చీరకి ఇస్త్రీ చేస్తూ. ఎగతాళి అనుకుని కసురుకున్నాను.

ఆదివారం వచ్చారు, జాముల్ ఆయనా, ఆయన అక్కా. మంచివాడే, ఆ మాట అనకపోతే నా కళ్లు పోతాయి, పోవడానికి మిగిలి ఉంటే. నాతో మాట్లాడినంతసేపూ గొంతు చించుకుని అరిచాడు. చూపు లేనివాళ్లకి చెవుడు కూడా ఉంటుందని లోకానికి గట్టి నమ్మకం. కాసేపటికి నా ఒళ్లో ఫోను చూశాడు.

“ఫోను కూడా వాడతారేటి?”

“బుకింగులన్నీ మా అప్పే చూస్తాది,” అన్నాడు తమ్ముడు గొప్పగా.

ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు. “ఆగిపోయుందండీ,” అన్నాడు జాలిగా. “అయినా ఈవిడికి ఇంకిది దేనికండి? నాను లేనా? ఏ మెసేజి వచ్చినా నానే చదివి పెడతాను.”

“ఎంత మాటన్నారు!” అన్నాడు మా తమ్ముడు. వాడి గొంతులో తడి. “మా వోడి మనసలాటిది,” అంది వాళ్ల అక్క. గదినిండా మంచితనమే. నాకు ఊపిరాడలేదు. అంటే ఇకమీదట నాకొచ్చిన ప్రతి మాటా ముందు ఆయన చదవాలి, ఆయనకి తోచినప్పుడు, తోచినంత, నాకు వినిపించాలి. నేను కృతజ్ఞతగా నవ్వుతూ కూర్చోవాలి. ఒళ్లు మండిపోయింది. అయినా నోరు విప్పలేదు, మొహమాటం మాకు పుట్టుకతో వచ్చిన రోగం. చెయ్యి చాపి ఫోను మాత్రం లాక్కున్నాను.

లాక్కున్న మరుక్షణం అది చుయ్యిమంది. విజయనగరం ఆయనే. రాసిందంతా, మొదటి మాట నుంచి చివరి మాట వరకూ, అందరి మధ్యా గట్టిగా చదివేసింది.

“ఏటదీ, టేపు నలిగిపోయినట్టు?” అంది జాముల్ అక్క.

“అప్పా, ఏటంటాంది?” అన్నాడు తమ్ముడు.

కుర్చీల పార్టీ అందామంటే ఆ అబద్ధం అప్పటికే వాడేశాను. ఈలోగా వంటింటి గుమ్మంలోంచి మరదలు అందుకుంది. “ఛార్జింగు అయిపోతాందంట. ఇలా తెండి వదినా, మీరూ రండి, టీలు ఇద్దురుగాని.” నా రెక్క పట్టుకుని లేపేసింది. ఇందాకే ఆగిపోయిందన్న ఫోనుకి మళ్లీ ఛార్జింగు అయిపోవడమేమిటని ఎవరూ అడగలేదు. అది కూడా మంచితనమే.

వంటింట్లో మరదలు కుళాయి విప్పింది. ఆ నీళ్ల చప్పుడు చాటున నా చెవి దగ్గర మెల్లగా అంది. “‘ఈ రెండు మూడు రోజులూ రాయడానికి ధైర్యం చాల్లేదు. ఈ రోజు మీకు ఎవరు నచ్చినా నాకు కోపం లేదు. నేనడిగిన మాటకి జవాబు మాత్రం ఇవ్వండి. తలాడిస్తే నాకు కనబడదు, నోటితో చెప్పాలి.’ ఇంతే కదా వదినా?”

అంతే. అక్షరం పొల్లుపోలేదు. నేను స్టవ్వు గట్టు పట్టుకుని నిలబడ్డాను. “నీకెలా...”

“ఏటి ఎలా? రోజూ అదే గది, అదే గొంతు. మొదట్లో ఏటీ తెలిసేది కాదు. తర్వాత ఒక ముక్క, తర్వాత రెండు. రైలు పట్టాల పక్కన పుట్టినదాన్ని, చప్పుడుబట్టి ఏ బండో చెప్పీగల్ను. ఇదెంత?”

“మొత్తం విన్నావా?”

“ఒక్క రోజు కూడా మిస్ అవలేదు. నా సీరియల్ ఏటైందో నాకే తెలీదు. ఆయనకి జొరం వచ్చినప్పుడు చాలా భయపడిపోనాను వదినా, సచ్చీ, నిజంగా.”

కోపం ముంచుకొచ్చింది. నా మనసంతా నడిగదిలో పరిచి పెడితే ఇది బియ్యం ఏరుకుంటూ విందా ఇన్ని నెలలు! చెయ్యెత్తి ఒక్కటి వేద్దామనిపించింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. నువ్వుగింజ నానని ఆ నోరు ఇన్ని నెలలూ ఒక్క ముక్క బయటికి రానివ్వలేదు. పక్కింటికి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, నాక్కూడా చెప్పలేదు. దాని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

“ఏడుపు తర్వాత, దీదీ,” అంది. కోపం వచ్చిందన్నమాట. “నాకొక్కదానికి తెలిస్తే ఏటి లాభం? సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి వాళ్లకి మాటిచ్చేస్తారు. ఈయనకి వినబడద్దా? స్పీడు తగ్గించండి.”

వాళ్లు టీ తాగి వెళ్లారు. తమ్ముడు వీధి చివరిదాకా సాగనంపి, హుషారుగా ఈలవేసుకుంటూ వచ్చాడు. “సాయంత్రం ఓకే చెప్పేస్తానప్పా. అలాటోడు మళ్లీ దొరకడు.”

“ఒక్క నిమిషం కూర్చోరా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

వేలితో కిందికి జరిపాను. ఇంకోసారి, ఇంకోసారి. జరిపినప్పుడల్లా గొంతు స్పీడు ఒక మెట్టు దిగింది. చివరికి ఆ ఆదివారం బడి పిల్ల మళ్లీ వచ్చి కూర్చుంది. ఆయన మెసేజి మీద వేలు పెట్టాను.

నింపాదిగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ చదివింది. మనుషులు మాట్లాడే స్పీడులో ఆయన రాతలు వినడం నాకూ అదే మొదలు. ఇన్నాళ్లూ గబగబా మింగేశాను. ‘ధైర్యం చాల్లేదు’ అన్న దగ్గర నాకు దుఃఖం ఆగలేదు.

“ఎవులు?” అన్నాడు తమ్ముడు. చెప్పాను. విజయనగరం, బ్యాంకు, అన్నీ. చూపు సంగతి కూడా.

“ఆయనకీ కనబడదా? ఇద్దరూ అలాగైతే ఎలగప్పా? ఇంట్లో ఏటి జరుగుతందో ఎవులు చూస్తారు?”

“సునియే, ఇలా వినండి,” అంది మరదలు. “మనిద్దరికీ కలిపి నాలుగు కళ్లున్నాయి కదా. ఇన్ని నెలల్నుంచి ఈ ఇంట్లో ఏటి జరుగుతందో మీకు కనబడిందా?”

“విజయనగరం చాలా దూరం కదప్పా,” అన్నాడు, చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని తిరిగినప్పటి గొంతుతో. అప్పుడు తెలిసింది నాకు, వాడి భయం లైటు గురించి కాదని. జాముల్ అయితే సైకిలు మీద వచ్చిపోవచ్చు.

“ఫోనుంది కదరా,” అన్నాను. “ఆయన్ని ఒకసారి రమ్మననా?”

వాడి కుర్చీ చిన్నగా కిర్రుమంది.

“తలాడిస్తే మీ అప్పకి కనబడదు,” అంది మరదలు. “నోటితో చెప్పండి.”

ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. “రమ్మనప్పా,” అన్నాడు మా తమ్ముడు.